డ్రమ్ము మీద పెట్టే గడియారం

"ఏ మిషను కొనమంటారండి?"

డ్రమ్ములు బాగుచేసే బల్ల దగ్గర కూర్చున్న ఇరవై రెండేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. వాళ్లు అడిగేది డ్రమ్ములు శ్రుతి చేసుకునే పరికరం గురించి. మొదట్లో గబగబా జవాబు చెప్పేసేవాణ్ణి. పోనుపోను "ముందు టీ తాగండి" అనడం నేర్చుకున్నాను. టీ అయ్యేలోపు మనిషి తన చేతుల గురించో, వాయించే చోటు గురించో, కిందటి ఏడాది వర్షంలో తడిసిన డ్రమ్ము గురించో ఏదో ఒకటి చెబుతాడు. ఏ పరికరం ఇవ్వాలో అందులోనే దొరుకుతుంది.

షాపు వదిలి నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇంటికి వచ్చి ఏదో ఒకటి అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గి, రాసి పెడుతున్నాను. షాపు ఎలా పెట్టాలో, ఎలా పెంచుకోవాలో ఇందులో ఉండదు. అది నాకూ సరిగా తెలియదు. నేను చేసిన తప్పులు మాత్రం బాగా తెలుసు.

వార్తల నుంచి వాయిద్యాలకు

నేను పుట్టుకతో ఈ పనివాణ్ణి కాను. అంతకుముందు రాజమండ్రిలో ఒక దినపత్రికకు ఆరేళ్లు కంట్రిబ్యూటరుగా పనిచేశాను. గోదావరికి వరదొచ్చినా, బస్టాండులో కుళాయి పాడైనా వార్త పంపేవాణ్ణి. డెస్కులో ఒక పెద్దాయన ఉండేవారు. ఏ వార్త పంపినా ఫోను చేసి రెండే ప్రశ్నలు వేసేవారు. "ఎవరు చెప్పారు?" "ఇంకెవరు చెప్పారు?" రెండోదానికి జవాబు లేకపోతే వార్త చెత్తబుట్టలోకి పోయేది.

మా అమ్మకు పిన్ని కొడుకు అబ్బులు గారు. నాకు మావయ్య వరస. మెయిన్ రోడ్డు పక్క సందులో ఆయనకు వాయిద్యాలు బాగుచేసే షాపు ఉండేది. మద్రాసు కంపెనీలకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిపెట్టడానికి నన్ను సాయంత్రాలు రమ్మనేవారు. ఉత్తరాలు రాస్తూ రాస్తూ బోల్టులు బిగించడం మొదలుపెట్టాను. తొంభైలు మొదలయ్యేసరికి పత్రిక పని సాయంత్రాలకూ, షాపు పని పగటికీ మారింది. ఇంకో ఏడాదికి పత్రిక పోయింది, షాపు మిగిలింది. వచ్చేవాళ్లు మాత్రం చివరిదాకా నన్ను "విలేకరి గారు" అనే పిలిచారు. అందులో వెక్కిరింత ఎంతో, గౌరవం ఎంతో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు.

అబ్బులు మావయ్య పాఠం

డ్రమ్ము కట్టుబడి చాలా సులువు. ఒక గుండ్రటి పెట్టె. దాని మూతికి స్కిన్ను. పేరు అలా ఉన్నా, మా రోజుల్లో అది చాలావరకు ప్లాస్టిక్కే. స్కిన్ను అంచు మీద రిమ్ము అనే ఇనుప చట్రం. చట్రాన్ని కిందికి లాగి పట్టే ఆరో ఎనిమిదో బోల్టులు. బోల్టులన్నీ ఒకే తీరుగా లాగితే డ్రమ్ము ఒక్క మాట మాట్లాడుతుంది. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా లాగితే పంచాయతీ మీటింగులా అందరూ ఒకేసారి మాట్లాడతారు.

చేరిన మొదటి నెలలోనే, పెళ్లి ఊరేగింపుకు వెళ్లాల్సిన ఒక బ్యాండ్ మేళం వాళ్ల డ్రమ్ముకు కొత్త స్కిన్ను వేశాను. ఒక బోల్టు బిగించి, దాని పక్కది, దాని పక్కది, అలా ప్రదక్షిణం చేశాను. సగం దూరం వచ్చేసరికి రిమ్ము ఒక పక్కకి ఒరిగింది. స్కిన్ను ముడతపడింది. నేను ఆ ముడత తియ్యాలని ఇంకా బిగించాను. అంచు దగ్గర చీరింది.

మావయ్య అరవలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కారు చక్రం బిగించేటప్పుడు మెకానిక్కు బోల్టులు ఏ వరసలో బిగిస్తాడో చూశావా ఎప్పుడైనా?"

"చూశాను మావయ్యా. ఎదురూబొదురూ బిగిస్తాడు."

"చూసి ఏం లాభంరా. చూసినవన్నీ పేపరుకి రాసి పంపేశావు. నీ దగ్గర ఏం మిగుల్చుకోలేదు."

మేళం వాళ్లు ఇంకో డ్రమ్ము తెప్పించుకుని వెళ్లారు. ఆ రోజు నుంచి నేను ఒక బోల్టు అరచుట్టు తిప్పితే, తర్వాత దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదే తిప్పాను. మీరూ అంతే చెయ్యండి. ఏ పరికరం కొన్నా ఈ వరస మారదు.

పరికరాలంటే మావయ్యకు పడదు. వేలితో ప్రతి బోల్టు దగ్గరా స్కిన్నుని తట్టి, తల వంచి వినేవారు. "చెవి ఉన్నవాడికి మిషనెందుకురా?" అనేవారు. ఆయన మాట నిజమే. చెవి లేనివాడి సంగతి ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఆ సంగతి నేర్పింది సూరిబాబు.

వినేది వద్దు, చూసేది కావాలి

సూరిబాబుది గోదావరి అవతల ఒడ్డు, కొవ్వూరు. వీర్రాజు గారి ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు. చవితి పందిళ్లు, రిసెప్షన్లు, తీర్థాలు, ఎక్కడ చూసినా ఆ ఆర్కెస్ట్రాయే ఉండేది. సూరిబాబుకి అప్పటికి నలభై దాటాయి. మాట తక్కువ మనిషి. చేతి లెక్క గడియారం కన్నా నమ్మకం.

తొంభైల చివర ఒక పొద్దున షాపుకి వచ్చాడు. అప్పటికి మావయ్య ఇంటి పట్టున ఉంటున్నారు, షాపు నాదే. టీ చెప్పాను. స్టూలు మీద కూర్చునేముందు దాన్ని కొంచెం పక్కకి తిప్పుకున్నాడు.

"డ్రమ్ములు శ్రుతి చేసే మిషన్లు వస్తున్నాయంట కదండి."

"వస్తున్నాయి. స్వరం పట్టి చెప్పేవి ఉన్నాయి. మనం తడితే అది విని, ఎక్కువో తక్కువో ముల్లు చూపిస్తుంది."

"అది వద్దండి. నేను కూడా వినాలి కదా, అది సరిగ్గా విందో లేదో. వినేది వద్దు. చూసి బిగించుకునేది కావాలి."

ఇరవై ఏళ్లుగా వాయిస్తున్న మనిషి వినేది వద్దంటున్నాడు. స్టూలు తిప్పుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అతని ఎడమ పక్క బల్ల మీద ఒక చిన్న డ్రమ్ము ఉంది. మాట్లాడుతూనే దాన్ని వేలితో మెల్లగా తట్టాను. అతని కళ్లు కదల్లేదు. గట్టిగా తట్టాను. అప్పుడు తల మొత్తం తిప్పి, కుడి చెవిని డ్రమ్ము వైపు పెట్టి, నన్ను చూశాడు.

"తెలిసిపోయిందాండి?"

"ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లండి. ఎడమదే. పూర్తిగా పోయింది. కుడిది బాగానే ఉంది. కానీ స్టేజి మీద ఆ రొదలో ఒక్క చెవితో శ్రుతి దొరకట్లేదండి. తాళానికి బెంగలేదు, అది ఒంట్లో ఉంటుంది. శ్రుతి చెవిలో కదండీ ఉండేది."

ఎలా పోయిందో అడగక్కర్లేదు. డ్రమ్స్ వాయించేవాడి ఎడమ పక్కన కాలితో తొక్కే జంట తాళాలు ఉంటాయి. దానికి తోడు వీర్రాజు గారి స్టేజీ మీద కీబోర్డు స్పీకరు బాక్సు కూడా అదే పక్కన, అడుగు దూరంలో ఉండేది. ఆ రెండింటి మధ్య చెవి పెట్టి అతను ఇరవై ఏళ్లు కూర్చున్నాడు.

"వీర్రాజు గారికి తెలుసా?"

"తెలిస్తే ఇంకేముందండి. ఇప్పటికే ప్యాడ్స్ పెడదాం, ప్యాడ్స్ పెడదాం అంటున్నారు."

ప్యాడ్స్ అంటే కరెంటు మీద పనిచేసే రబ్బరు పలకలు. కర్రతో కొడితే లోపల దాచిన డ్రమ్ము శబ్దం వస్తుంది. లారీలో చోటు తక్కువ, శ్రుతి బాధ లేదు. అప్పుడప్పుడే ఒక్కో ఆర్కెస్ట్రాలోకీ వస్తున్నాయి. అవి వచ్చిన చోటల్లా ఒక డ్రమ్మరు ఇంటికి వెళ్లిపోతున్నాడు. సూరిబాబుకి ఇంకో పని రాదు. ఆ సీటు పోతే అతనికి ఇంకేమీ లేదు.

"ఎవరితో అనకండి విలేకరి గారూ."

"అనను," అన్నాను.

తుప్పు చెప్పే అబద్ధం

చూసి వాడుకునే పరికరాలు ఆ రోజుల్లో రెండు రకాలు. ఒకటి బోల్టుని కొలుస్తుంది, రెండోది స్కిన్నుని కొలుస్తుంది.

బోల్టుని కొలిచేది టార్క్ కీ. మామూలు బిగింపు తాళంచెవి లాగే ఉంటుంది, పైన అంకెలున్న బిళ్ల ఉంటుంది. కావలసిన అంకె మీద పెట్టి తిప్పితే, అంత బిగువు రాగానే టక్కుమని జారిపోతుంది. అన్ని బోల్టులకూ టక్కుమనిపిస్తే పని అయినట్టే. నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. షాపులో ఒకటి సిద్ధంగా ఉంది. అదే ఇచ్చాను. నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, అడగలేదు. ఆ డ్రమ్ములు ఎక్కడెక్కడ తిరుగుతాయి?

నెల తిరక్కుండానే భీమవరం దగ్గర ఒక రాజు గారు కొత్తగా ఐసు ఫ్యాక్టరీ పెట్టారు. రొయ్యల చెరువుల మధ్యలో ప్రారంభోత్సవం, సాయంత్రం వీర్రాజు గారి ఆర్కెస్ట్రా. నేను ఇచ్చిన కీ ఎలా పనిచేస్తోందో చూడాలన్న ఉబలాటంతో నేనూ వెళ్లాను. రాజు గారు చేతులు జోడించి అందర్నీ పేరు పేరునా భోజనాలకు పిలుస్తున్నారు. రెండో పాట మొదలైంది. సూరిబాబు పెద్ద టామ్ మీద దెబ్బ వేశాడు. టామ్ అంటే అతని కుడి పక్కన కాళ్ల మీద నిలబడే పెద్ద డ్రమ్ము. గంభీరంగా మోగాల్సింది. పగిలిన కుండని తన్నినట్టు వచ్చింది.

పాట అయ్యాక వీర్రాజు గారు స్టేజీ వెనక్కి వచ్చారు. ఆయన కోపంలో కూడా నవ్వు ముఖంతోనే ఉంటారు. అందుకే ఆయన దగ్గర పనిచేసేవాళ్లకు ఆయనంటే ఎక్కువ భయం.

"ఏంటి సూరిబాబూ, టామ్ మీద ఎవరైనా కూర్చున్నారా?"

"తేమండి."

"తేమా. మొన్న నరసాపురంలో ఉప్పు గాలన్నావు. అంతకుముందు ఎండన్నావు. ప్యాడ్స్ కి తేమా లేదు, ఎండా లేదు, ఉప్పూ కారమూ లేవు."

 సూరిబాబు అనుకోకుండా ఎడమ చెవిని చేత్తో రుద్దుకున్నాడు. నేను రాజు గారి భోజనం తినకుండానే బస్సెక్కాను.

మర్నాడు ఆ టామ్ షాపుకి తెప్పించి బోల్టులన్నీ విప్పాను. ఎనిమిదింటిలో మూడింటి మరలు తుప్పుపట్టి బెల్లం పాకంలా అంటుకుపోయి ఉన్నాయి. డెల్టాలో డ్రమ్ములు టార్పాలిన్ కప్పుకుని లారీల మీద సముద్రపు ఒడ్డు ఊళ్లన్నీ తిరుగుతాయి. తుప్పు పట్టిన మర కదలకుండా మొరాయిస్తుంటే, కీ దాన్ని బిగువనుకుని టక్కుమంది. నిజానికి ఆ మూడు చోట్లా స్కిన్ను వదులుగానే ఉంది. బోల్టు చెప్పిన మాట ఒక్కటే నమ్మి, స్కిన్నుని అడగలేదు మేము. డెస్కులో పెద్దాయన అయితే ఆ కీని చెత్తబుట్టలో వేసేవారు.

టార్క్ కీ చెడ్డదని అనను. కొత్త డ్రమ్ము, ఇంట్లోనో హాల్లోనో కదలకుండా ఉండేది అయితే హాయిగా వాడుకోండి. లారీ ఎక్కే డ్రమ్ముకి మాత్రం ఇవ్వకండి. ఇచ్చేముందు బోల్టులు విప్పి, కిరసనాయిలుతో కడిగి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, కొంచెం గ్రీజు రాయండి. ఏ పరికరం వాడినా ఇది చెయ్యాలి. శ్రుతి కుదరడం లేదని నా దగ్గరికి వచ్చిన డ్రమ్ముల్లో సగం ఈ స్నానంతోనే బాగుపడ్డాయి.

గడియారం

స్కిన్నుని కొలిచే డయల్ గేజ్ కోసం మద్రాసుకి రాశాను. పార్సిల్ వచ్చింది. అరచేతిలో పట్టే బరువైన ఇనుప బిళ్ల, పైన గడియారం లాంటి ముఖం, ఒక ముల్లు. అడుగున మధ్యలో చిన్న పుల్ల పొడుచుకు వచ్చి ఉంటుంది. స్కిన్ను మీద పెడితే తన బరువుతో ఆ పుల్ల స్కిన్నుని నొక్కుతుంది. స్కిన్ను వదులైతే ఎక్కువ దిగుతుంది, బిగువైతే తక్కువ. ముల్లు ఆ తేడా చూపిస్తుంది, బిగువు పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. సూరిబాబు మొదటిరోజే దానికి గడియారం అని పేరు పెట్టాడు. తర్వాత మా షాపులో అందరూ అదే అన్నారు.

దాన్ని వాడే పద్ధతి మేమిద్దరం కలిసి వారం రోజులు తంటాలు పడి నేర్చుకున్నాం. మాకు వారం పట్టింది, మీకు పట్టకూడదు.

ముందు దాన్ని చదునైన గాజుపలక మీద పెట్టి చూడండి. ముల్లు ఎక్కడ నిలవాలో దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది. అక్కడ నిలవకపోతే సరిచేశాకే డ్రమ్ము దగ్గరికి వెళ్లండి. లారీ కుదుపులకి అది మారుతూ ఉంటుంది. స్కిన్నుని బట్టతో తుడవండి. ఇసుక రేణువు ఒకటున్నా లెక్క తప్పుతుంది. రిమ్ము నుంచి ఎంత దూరంలో పెడితే అన్ని బోల్టుల దగ్గరా అంతే దూరంలో పెట్టాలి. మేము రెండు వేళ్ల వెడల్పు పెట్టుకున్నాం. ఒక చోట వేలు జరిగినా అంకె మారిపోతుంది.

అంకె ఎక్కువైతే వదులు చేసి అక్కడే ఆపకండి. ఇంకా కిందికి దింపి, మళ్లీ పైకి బిగిస్తూ రండి. వదులు చేసి ఆపిన బోల్టు రెండు పాటలకే జారిపోతుంది. ఒక బోల్టు తిప్పితే పక్కవాటి అంకెలు కూడా కదులుతాయి. కంగారు పడకండి. ఎదురూబొదురూ వరసలో రెండు మూడు సార్లు తిరిగితే అన్నీ ఒక చోటికి వస్తాయి. కొత్త స్కిన్ను అయితే మధ్యలో అరచేత్తో ఒకసారి గట్టిగా నొక్కి, మళ్లీ కొలవండి. అడుగు స్కిన్నుని మరిచిపోకండి, డ్రమ్ముకి రెండు మూతులు.

ఇక పెద్ద పొరపాటు. ఈ డ్రమ్ము అంకె ఆ డ్రమ్ముకి పనికిరాదు. పలచటి స్కిన్ను, రెండు పొరల స్కిన్ను ఒకే అంకె దగ్గర వేరువేరుగా మోగుతాయి. గేజ్ బిగువుని చెబుతుంది, శబ్దం బాగుందో లేదో చెప్పదు. ఆ పని కోసం సూరిబాబు నా చెవి అరువు తీసుకున్నాడు. ఒక ఆదివారం ఐదు డ్రమ్ములనూ అతని కుడి చెవితో, నా రెండు చెవులతో విని, బాగా మోగిన చోట అంకె చూసి, పెట్టె మీద రిమ్ము పక్కన పెయింటుతో రాశాం. ఇక ఏ ఊళ్లో అయినా ఆ అంకె దగ్గరికి తెచ్చుకుంటే చాలు, ఎంత రొదలో ఉన్నా శ్రుతి వచ్చేస్తుంది. మిగతావాళ్లు స్టేజీ ఎక్కకముందే అతను వెళ్లి, పని ముగించి, గడియారాన్ని సంచిలో పెట్టేసేవాడు.

ఆ చవితికి వీర్రాజు గారు ప్యాడ్స్ మాట ఎత్తలేదు.

నేను చేసిన తప్పు

ఇక్కడితో ఆపేస్తే ఇది నా గొప్ప చెప్పుకున్నట్టే ఉంటుంది.

సామర్లకోట నుంచి శ్యామ్యూల్ అని ఒకాయన వచ్చేవాడు. చర్చిలో డ్రమ్స్ వాయించేవాడు, సరదా మనిషి. గడియారం చూపించి వివరిస్తుంటే నవ్వాడు.

"కళ్లతో శ్రుతి చేస్తారా విలేకరి గారూ? రేపు ముక్కుతో పాట పాడిస్తారేమో."

నాకు పౌరుషం వచ్చింది. అమ్ముకునేవాడికి రాకూడనిది అదొక్కటే.

"నవ్వకండి. ఒక చెవి పూర్తిగా పోయినాయన దీంతో శ్రుతి చేసుకుంటున్నాడు. గోదావరి అవతలాయనే. ఇరవై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాడు. ఈ చుట్టుపక్కల అంత శుద్ధంగా మోగే డ్రమ్స్ ఇంకోటి చూపించండి."

శ్యామ్యూల్ ఆశ్చర్యపోయి గడియారం కొనుక్కుని వెళ్లాడు. పేరు చెప్పలేదు కదా అని నేను తృప్తిగా ఉన్నాను. పత్రికలో మొదటి నెలలో నేర్పే సంగతి ఇది. ఊరు రాసి, పని రాసి, అనుభవం ఎన్నేళ్లో రాస్తే పేరు రాసినట్టే. కొవ్వూరులో ఇరవై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు ఒక్కడే ఉన్నాడు.

పదిహేను రోజులకి వీర్రాజు గారి స్కూటర్ షాపు ముందు ఆగింది. ఆయన స్వయంగా రావడం అదే మొదటిసారి. నేను చెప్పకుండానే టీ ఆయనే చెప్పారు.

"ఒక వార్త విన్నానండి విలేకరి గారూ. నిజమో కాదో మీ దగ్గరే తెలుస్తుందన్నారు."

"చెప్పండి."

"మావాడికి ఒక చెవి లేదంట."

అబద్ధం చెబితే ఆయన నమ్మరు. నిజం చెబితే మాట తప్పినట్టు. ఆ మాట అప్పటికే తప్పేశానన్నది వేరే సంగతి.

"అతని చెవి సంగతి అతన్నే అడగండి," అన్నాను.

"అంటే నిజమే." ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. "రేపు పొద్దున రిహార్సల్ ఉంది. అక్కడే అడుగుతాను. ఆయ్, వస్తానండి."

ఆయన వెళ్లిన పది నిమిషాలకి షట్టరు దించి కొవ్వూరు బస్సెక్కాను. బ్రిడ్జి అంత పొడుగ్గా నాకు ఎప్పుడూ అనిపించలేదు. సూరిబాబు వాకిట్లో మంచం నవారు బిగిస్తున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను నవారు వదల్లేదు, బిగిస్తూనే విన్నాడు.

"మీ షాపులో చెప్పానండి నేను. రోడ్డు మీద చెప్పలేదు."

"తప్పు నాదే సూరిబాబూ. రేపు నేనూ వస్తాను. నేనే ఏదో ఒకటి చెబుతాను."

"మీరు చెప్పింది చాలండి. రేపు నేనే చెప్పుకుంటాను. వస్తే రండి."

రిహార్సల్

వీర్రాజు గారి రిహార్సల్ ఒక పాత రైసుమిల్లు షెడ్డులో జరిగేది. నేను వెళ్లేసరికి కీబోర్డు ఆయన, పాడే అమ్మాయి, గిటారు ఆయన అందరూ వచ్చేశారు. సూరిబాబు ఎవరూ అడక్కముందే లేచి నిలబడ్డాడు.

"నా ఎడమ చెవి వినపడదండి. మూడేళ్లు దాటింది. ముందే చెప్పాల్సింది. భయపడ్డాను."

వీర్రాజు గారి ముఖం మీద నవ్వు లేదు. అది మంచి సూచనో చెడ్డదో నాకు అర్థం కాలేదు.

"కూర్చో. వాయించు."

పాట మొదలైంది. తాళంలో వంక లేదు. మధ్యలో వీర్రాజు గారు నడుచుకుంటూ వెళ్లి కీబోర్డు పక్కన, అంటే సూరిబాబుకి ఎడమ పక్కన నిలబడి, "చాలు" అన్నారు. అందరూ ఆగారు. సూరిబాబు ఇంకా నాలుగు దెబ్బలు వేసి, అందరూ ఆగడం చూసి ఆపాడు.

 గడియారం శ్రుతిని సరిచేసింది కానీ, పాట ఎక్కడ ఆగాలో అది చెప్పదు. పోయిన ఏడాది పాటలు ముగిసే చోట అప్పుడప్పుడూ దొర్లిన తప్పుల కారణం అందరికీ ఒకేసారి తెలిసింది. ఇక అయిపోయిందనుకున్నాను. సూరిబాబు కూడా అలాగే అనుకున్నాడు. కర్రలు రెండూ జత చేసి డ్రమ్ము మీద పెట్టేశాడు.

వీర్రాజు గారు కీబోర్డు ఆయన వైపు తిరిగారు.

"నీకు కాళ్లున్నాయా?"

"ఉన్నాయండి."

"అయితే లేచి ఆ కుడి పక్కకి నడు. బాక్సు కూడా పట్టుకెళ్లు. అమ్మాయీ, నువ్వు కూడా. సూరిబాబూ, నువ్వు స్టూలు ఒక జానెడు తిప్పుకో. అటు కాదు, నా వైపుకి."

స్పీకరు బాక్సు, స్టాండు, వైర్లు అన్నీ కుడి పక్కకి మారడానికి అరగంట పట్టింది. నేనూ ఒక వైరు పట్టుకున్నాను. అదే పాట మళ్లీ మొదలైంది. రెండో చరణం సగంలో వీర్రాజు గారు కుడి పక్క నుంచి, ఈసారి ఇంకా మెల్లగా, "చాలు" అన్నారు. సూరిబాబు చేయి గాల్లోనే ఆగిపోయింది. మిగతా వాళ్లు ఒక దెబ్బ ఆలస్యంగా ఆగారు.

"ఇన్నాళ్లూ రెండు చెవులున్నవాళ్ల కోసం స్టేజీ వేశాను," అన్నారు వీర్రాజు గారు. "ప్యాడ్స్ వాడు ఒకడు వచ్చి చూపించి వెళ్లాడు మొన్న. రెండు చెవులూ ఉన్నాయి. తొమ్మిదింటికి రమ్మంటే పదకొండింటికి వచ్చాడు."

ఆ తర్వాత ఏ ఊళ్లో స్టేజీ ఎక్కినా ఆయన ముందు వేసే ప్రశ్న, "సూరిబాబు కుడి చెవి ఎటు వస్తుంది?" అదే. దాన్ని బట్టే మిగతావన్నీ సర్దేవారు. సూరిబాబు అందరి ముందే గడియారం పెట్టుకుని శ్రుతి చేసుకునేవాడు. ప్యాడ్స్ ఆ ఆర్కెస్ట్రాలోకి చివరికి వచ్చాయి. వాటి పక్కన అతని డ్రమ్స్ కూడా ఉన్నాయి.

ఇది చదివి మీరు పరికరం గురించి ఏం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా, ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ పనిలో మీ దగ్గరికి వచ్చేవాళ్లు డ్రమ్ముతో పాటు తమ లోపాలు కూడా తెచ్చి బల్ల మీద పెడతారు. వణికే చెయ్యి, వినపడని చెవి, ముగ్గురి దగ్గర నేర్చుకుని కూడా రాని తాళం. అది చూడకుండా సరైన పరికరం ఇవ్వలేరు. చూసింది ఇంకొకరికి చెప్పకండి, గొప్ప కోసం అసలే చెప్పకండి. వీర్రాజు గారు అలాంటి మనిషి కావడం నా అదృష్టం. ఇంకొకరైతే సూరిబాబు ఆ రోజే ఇంటికి వెళ్లిపోయేవాడు, పంపినవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి.

అతను తర్వాత కూడా ఎనిమిదేళ్లు మా షాపుకి వచ్చాడు. స్కిన్నులు కొన్నాడు, గడియారం సరిచేయించుకున్నాడు, టీ తాగాడు. స్టూలు తిప్పుకుని కుడి చెవి నా వైపు పెట్టుకుని, వానల గురించీ బస్సుల గురించీ మాట్లాడేవాడు. సొంత మాట మాత్రం మళ్లీ ఒక్కటీ చెప్పలేదు.